వేడి ఇంజన్ స్టార్ట్ అవడం లేదు: కూలెంట్ టెంపరేచర్ సెన్సరా, వైరింగా, ఇంకేమైనానా?

అలిపిరి బండి
2015 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 ఇంజన్, లక్ష కిలోమీటర్లకు దగ్గరలో ఉంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. ఇంజన్ బాగా వేడెక్కాక ఆపి, కాసేపటికి మళ్లీ స్టార్ట్ చేస్తే మాత్రం చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి. పట్టుకున్నాక గుప్పున నల్లపొగ, పెట్రోల్ వాసన. మైలేజీ 17 నుంచి 12కి పడిపోయింది. ఒక్కోసారి ఇగ్నిషన్ ఆన్ చేయగానే, ఇంజన్ ఇంకా స్టార్ట్ కాకముందే, రేడియేటర్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతుంది. ఇంజన్ లైటు వస్తుంది, పోతుంది.

మొన్న కొండకి పోతూ అలిపిరి తనిఖీ క్యూలో ఆపితే మళ్లీ స్టార్ట్ కాలేదు. వెనక బండ్ల హారన్లు, లోపల అమ్మానాన్న. టెన్షన్ మామూలుగా లేదు. మెకానిక్ స్కానర్ పెట్టి, "పి0118 కోడ్ వచ్చింది, టెంపరేచర్ హై అని, బండి ఓవర్‌హీట్ అవుతోంది, వాటర్ పంపు, థర్మోస్టాట్ (కూలెంట్ రేడియేటర్‌కి వెళ్లే దారిని తెరిచి మూసే వాల్వ్), సెన్సర్ మూడూ మార్చాలి" అన్నాడు. కానీ టెంపరేచర్ గేజ్ ముల్లు ఎప్పుడూ సగం దాటలేదు. పైగా అప్పుడప్పుడూ ఉన్నట్టుండి కిందికి పడిపోతుంది. పనికొచ్చే వాటర్ పంపు పీకించడం నాకు ఇష్టం లేదు. సెన్సరా కాదా అని ముందే తేల్చుకునే దారి ఉందా?

రేణిగుంట రైడర్
సెన్సర్ మార్చెయ్ బ్రో. వందల్లో అయిపోయే పని. పరీక్షలు, పంచాయితీలు ఎందుకు?

పుత్తూరు 92
అలిపిరిలో బండి ఆగిందంటే స్వామి నడిచి రమ్మంటున్నాడని అర్థం. 3,550 మెట్లు రెడీగా ఉన్నాయి 🙏

అలిపిరి బండి
@పుత్తూరు 92 నేనైతే నడిచేస్తాను అన్నా. అమ్మకి మోకాళ్ల నొప్పులు.

మల్టీమీటర్ మామ
వాటర్ పంపు జోలికి వెళ్లకండి. పి0118లో "హై" అంటే వేడి ఎక్కువైందని కాదు, ఆ సర్క్యూట్‌లో వోల్టేజీ ఎక్కువగా ఉందని. ఇక్కడే చాలా బండ్లకి తప్పుడు వైద్యం జరుగుతోంది.

కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, ఎంత వేడిగా ఉందో కొలిచే ఈ సెన్సర్ లోపల ఉండేది ఒక థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) తన లోపల ఒక రెసిస్టర్ గుండా 5 వోల్టులు పంపి, ఈ సెన్సర్ దాన్ని ఎంతకి దించుతుందో చూస్తుంది. చల్లటి ఇంజన్‌లో వోల్టేజీ ఎక్కువగా ఉంటుంది, వేడెక్కేకొద్దీ దిగుతుంది. వైరు తెగినా, కప్లర్ (సెన్సర్‌కి తగిలించే వైరు ప్లగ్గు) ఊడినా, సెన్సర్ లోపల కనెక్షన్ పోయినా దించేవాడే ఉండడు. వోల్టేజీ 5 దగ్గరే నిలబడుతుంది. ఈసీయూ దాన్ని మైనస్ 40 డిగ్రీలుగా చదువుతుంది.

ఇప్పుడు మీ కష్టాలన్నీ చూడండి. ఇంజన్ 90 డిగ్రీల్లో ఉంది, ఈసీయూ లెక్కలో మైనస్ 40. స్టార్టింగ్‌లో పెట్రోల్ దండిగా కొడుతుంది. ప్లగ్గులు తడుస్తాయి, అందుకే నల్లపొగ. అసలు వేడి ఎంతో తెలియదు కాబట్టి ముందుజాగ్రత్తగా ఫ్యాన్ తిప్పేస్తుంది. గేజ్‌కి కూడా ఇదే సెన్సర్ సమాచారం ఇస్తుంటే ముల్లు కిందికి పడుతుంది. అన్నిటికీ కారణం ఒక్కటే. ఇందులో వాటర్ పంపు పాత్ర ఏముంది? నిజంగా ఓవర్‌హీట్ అయితే వచ్చే కోడ్ పి0217.

కరకంబాడి గ్యారేజ్
మామ చెప్పింది కరెక్ట్. కానీ రేణిగుంట తమ్ముడు చెప్పినట్టు నేరుగా సెన్సర్ కొనేయడానికి నేను ఒప్పుకోను. పి0118 అంటే సర్క్యూట్ ఎక్కడో తెగిందని మాత్రమే. ఎక్కడ తెగిందో కోడ్ చెప్పదు. కొత్త సెన్సర్ వేసినా తగ్గక మా దగ్గరికి వచ్చే బండ్లు చాలా ఉంటాయి. విప్పితే కప్లర్‌లో పచ్చటి చిలుము, లేదా ఎలుక కొరికిన వైరు.

వైరింగ్ బాగుందా లేదా తేల్చడానికి సులువైన పద్ధతి ఉంది. స్కానర్‌లో లైవ్ డేటా పెట్టి కూలెంట్ టెంపరేచర్ చూస్తూ ఉండండి. ఇగ్నిషన్ ఆన్, ఇంజన్ ఆఫ్. సెన్సర్ కప్లర్ పీకండి, మైనస్ 40 చూపించాలి. తర్వాత కప్లర్‌లోని రెండు పిన్నులనీ చిన్న వైరుతో కలపండి, 130 పైన ఎక్కడికో వెళ్లిపోవాలి. రెండూ సరిగ్గా జరిగితే కప్లర్ నుంచి ఈసీయూ దాకా వైరింగ్ బాగున్నట్టే. పీకేటప్పుడు ఫ్యాన్ తిరగొచ్చు, చేతులు దూరంగా పెట్టుకోండి.

మల్టీమీటర్ మామ
రెండు పిన్నుల సెన్సర్ అయితేనే ఆ పని చేయాలి. మూడు, నాలుగు పిన్నులుంటే ఏ పిన్ను ఏమిటో తెలియకుండా కలపకూడదు, గేజ్‌కి వెళ్లే వైరు కూడా అందులోనే ఉండొచ్చు. ఇంకో సంగతి, కొన్ని ఈసీయూలు తప్పు పసిగట్టగానే మైనస్ 40 చూపించడం ఆపి, 80 లాంటి ఊహ అంకె ఒకటి వేసుకుని నడిపిస్తాయి. స్కానర్‌లో అంకె కదలకుండా నిలబడితే సెన్సర్ బాగుందని నమ్మేయకండి.

స్వర్ణముఖి
దానికంటే ముందు ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. రాత్రంతా ఆపిన బండిలో తెల్లారి ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి కూలెంట్ టెంపరేచర్, ఇన్‌టేక్ ఎయిర్ (ఇంజన్‌లోకి పోయే గాలి) టెంపరేచర్ రెండూ చూడండి. రాత్రంతా ఒకేచోట ఉన్నాయి కాబట్టి రెండూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి 29, ఇంకొకటి 45 చూపిస్తే ఏదో ఒక సెన్సర్ తప్పు చెబుతున్నట్టే. బయటి గాలి ఎంతుందో చూస్తే ఏదన్నది తెలిసిపోతుంది. బండి ఈసీయూ అంకెల్ని ఫోన్‌కి పంపే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్, ఫోన్‌లో యాప్ ఉంటే చాలు.

అలిపిరి బండి
అక్కా, డాంగిల్ మా తమ్ముడి దగ్గర ఉంది. రేపు పొద్దున చూస్తాను.

డీజిల్ రెడ్డి
మన తిరుపతి ఎండలకి థర్మోస్టాట్ ఎందుకండీ అసలు? తీసి పారేస్తే ఓవర్‌హీట్ అనే మాటే ఉండదు. మా ఊళ్లో టాక్సీ వాళ్లంతా అదే చేస్తారు.

స్వర్ణముఖి
@డీజిల్ రెడ్డి ఈ సలహా ఎంతమంది ఇంజన్లు తినేసిందో! బయట 42 ఉన్నా ఇంజన్‌కి అది చలే. అది పనిచేయాల్సింది 90 దగ్గర. థర్మోస్టాట్ 82, 88 అలా తెరుచుకునేలా చేసేది అందుకే. తీసేస్తే హైవే మీద 65, 70 దగ్గరే తిరుగుతుంది. ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ పెట్రోల్ ఎక్కువ ఇస్తుంది, ఆయిల్‌లో తేమ పోదు, మైలేజీ పడిపోతుంది. ఇంజన్ చాలినంత వేడెక్కడం లేదని చెప్పే పి0128 కోడ్ వచ్చేది కూడా ఇలాంటప్పుడే. అప్పుడు మళ్లీ సెన్సర్ తప్పు చెబుతోందని దాన్ని మారుస్తారు. పాపం సెన్సర్ నిజమే చెబుతుంటుంది.

డీజిల్ రెడ్డి
టాక్సీలు లక్షల కిలోమీటర్లు తిరుగుతున్నాయి కదమ్మా.

కరకంబాడి గ్యారేజ్
తిరుగుతాయి రెడ్డిగారూ, ఎంత తాగి తిరుగుతాయన్నదే ప్రశ్న. నేనైతే థర్మోస్టాట్ లేకుండా ఏ బండీ బయటికి పంపను. పాత కార్బురేటర్ బండ్లలో తీసేసినా ఎలాగో నడిచేవి. ఇప్పటి ఇంజన్ ప్రతి లెక్కకీ ఆ టెంపరేచర్ మీదే ఆధారపడుతుంది.

థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందా అని చూడాలంటే మన ఘాట్ కంటే మంచి చోటు లేదు. మొదటి ఘాట్‌లో తిరుమల నుంచి గేర్‌లో దిగుతున్నప్పుడు ఇంజన్‌కి పెట్రోల్ దాదాపు ఆగిపోతుంది, వేడి పుట్టదు. అప్పుడు లైవ్ డేటా చూడమని పక్క సీట్లో వాళ్లకి చెప్పండి. థర్మోస్టాట్ బాగుంటే రేడియేటర్ దారి మూసుకుని వేడిని చాలావరకు నిలబెడుతుంది. తెరుచుకుని ఉండిపోతే అంకె 60ల్లోకి మెల్లగా జారుతుంది. మెల్లగా జారితే థర్మోస్టాట్‌ని అనుమానించాలి, ఒక్కసారిగా మైనస్ 40కి దూకితే కరెంటు సంగతి.

పుత్తూరు 92
డ్రైవర్ మాత్రం రోడ్డే చూడాలి స్వామీ. ఆ మలుపుల్లో ఫోన్ చూస్తే కూలెంట్ కంటే ముందు మనమే చల్లారిపోతాం.

మొగిలి ఘాట్
అందరూ సెన్సర్ ఎక్కువ తక్కువ చూపించడం గురించే మాట్లాడుతున్నారు. అంతకంటే ప్రమాదకరమైనది ఒకటుంది, నాకు జరిగింది. చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కుతున్నాను. కింది హోస్ పైపు పగిలి కూలెంట్ అంతా పోయింది. గేజ్ మాత్రం సగానికి కిందే ఉంది. ఎందుకంటే సెన్సర్ మొన నీళ్లలో మునిగి ఉంటేనే నీళ్ల వేడి చెబుతుంది. నీళ్లు పోయాక చుట్టూ ఉన్నది ఆవిరీ గాలీ, దాని లెక్క తక్కువగా వచ్చింది. ఫ్యాన్ కూడా తిరగలేదు. పికప్ తగ్గి టకటకమనే శబ్దం వచ్చేసరికి ఇంజన్ హెడ్ (పై భాగం) వంగిపోయింది.

కాబట్టి సెన్సర్ పరీక్షకి ముందు చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి కూలెంట్ నిండుగా ఉందో లేదో చూడండి. పక్క డబ్బాలో ఉన్నంత మాత్రాన ఇంజన్‌లో ఉన్నట్టు కాదు. వేడి మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మూత తీయకండి. ప్రెషర్‌లో ఉన్న నీళ్లు ఒక్కసారిగా పైకి చిమ్మి మొహం కాలిపోతుంది.

రేణిగుంట రైడర్
అయ్యో అన్నా. ఇది నాకు తెలియదు. ఈ రోజే మా బండి చూస్తాను.

చిత్తూరు మామిడి
నీళ్ల మాట వచ్చింది కాబట్టి. మన జిల్లాలో చాలామంది రేడియేటర్‌లో బోరు నీళ్లే పోస్తారు. మన బోర్లలో ఉప్పు ఎంతో గీజర్ కాయిల్ చూసినవాళ్లకి తెలుసు. ఆ తెల్లటి పొరే సెన్సర్ మొనకీ పడుతుంది. అప్పుడు సెన్సర్ బాగున్నా వేడి దానికి ఆలస్యంగా అందుతుంది. నా సెన్సర్ బయటికి తీసినప్పుడు మొన కనబడనంత సున్నం. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి, లేదా కలిపి అమ్మేది కొనండి.

అలిపిరి బండి
పొద్దున చూశాను. కూలెంట్ నిండుగా ఉంది. స్టార్ట్ చేయకముందు కూలెంట్ 29, ఇన్‌టేక్ 30. స్టార్ట్ చేశాక 40, 50, 60 అని సాఫీగా ఎక్కింది. 70 దాటాక ఉన్నట్టుండి మైనస్ 40. ఫ్యాన్ గిర్రుమంది. కాసేపటికి మళ్లీ 76 చూపించి మళ్లీ పడిపోయింది. వైరు అటూ ఇటూ కదిపినా ఏ తేడా లేదు. కప్లర్ పీకితే మైనస్ 40, పిన్నులు కలిపితే 130 పైన. చల్లారాక మీటరు పెట్టి సెన్సర్ కొలిచాను, 1.7 కిలో ఓమ్‌లు వచ్చింది.

రేణిగుంట రైడర్
మీటరు లెక్క కరెక్టే కదా? అంటే సెన్సర్ బాగున్నట్టా? ఇప్పుడు నాకే కన్‌ఫ్యూజన్.

కరకంబాడి గ్యారేజ్
30 డిగ్రీలకి 1.7 చాలా బండ్లలో సరైన లెక్కే. నా అనుమానం కప్లర్ పిన్ను వదులైంది. వేడికి ప్లాస్టిక్ వ్యాకోచించి పట్టు తప్పుతుంది. పిన్ను కాస్త బిగించి, కాంటాక్ట్ స్ప్రే కొట్టి చూడండి.

మల్టీమీటర్ మామ
నేను ఒప్పుకోను గ్యారేజ్ అన్నా. పిన్ను వదులైతే వైరు కదిపినప్పుడు అంకె ఎగరాలి. గుంతల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద కూడా రావాలి. ఈయనకి ప్రతిసారీ 70 దాటాకే వస్తోంది. సెన్సర్ లోపల థర్మిస్టర్‌కి అతికించిన కాలు వేడికి వ్యాకోచించి విడిపోతోందని నా లెక్క. చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది. అందుకే చల్లటి మీద కొలిస్తే మంచి పిల్లాడిలా సరైన అంకె చెబుతుంది. ఈ రకం సెన్సర్‌ని చల్లగా కొలిచి పాస్ చేయకూడదు, వేడి చేసి కొలవాలి.

ఇంజన్ పూర్తిగా చల్లారాక సెన్సర్ విప్పండి. మొన మాత్రమే మునిగేలా నీళ్ల గిన్నెలో వేలాడదీసి, మీటరు వైర్లు కట్టి, థర్మామీటర్ పెట్టి నెమ్మదిగా కాచండి. ఎక్కువగా వాడే రకం అయితే సుమారుగా 20 డిగ్రీలకి 2,500 ఓమ్‌లు, 50కి 830, 80కి 320, 100కి 190 దగ్గర రావాలి. మీ బండి మాన్యువల్ అంకెలు వేరుగా ఉంటే వాటినే పట్టుకోండి. అంకె కంటే ముఖ్యం, ఎక్కడా ఎగరకుండా సాఫీగా దిగాలి.

స్వర్ణముఖి
వంటగిన్నె మాత్రం వాడకండి. కూలెంట్‌లో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది, అది విషం. పాత డబ్బా ఏదైనా తీసుకోండి, తర్వాత దాన్ని మళ్లీ ఇంట్లోకి తేవద్దు. కారిన కూలెంట్ నేల మీద వదలొద్దు కూడా. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకి చచ్చిపోతాయి.

హార్స్‌లీ గాలి
మా హార్స్‌లీ కొండ మీద ఎవరైనా ఈ పరీక్ష చేస్తే 100 అంకె కోసం కాచుకుని కూర్చోకండి. 1,200 మీటర్ల పైన కాబట్టి నీళ్లు 96 దగ్గరే మరిగిపోతాయి. తిరుపతిలో ఆ ఇబ్బంది లేదు.

కరకంబాడి గ్యారేజ్
సరే మామా, గిన్నె పరీక్షే తేలుస్తుంది. చేయనివ్వండి.

అలిపిరి బండి
చేశాను. పాత పెయింట్ డబ్బాలో, మేడ మీద. 30 దగ్గర 1.7 కిలో ఓమ్‌లు. 50 దగ్గర 840. 60 దగ్గర 600. 72, 73 దగ్గర మీటరు ఒక్కసారిగా ఓపెన్ చూపించింది, ఇక అంకే లేదు. మంట మీంచి దించి చల్లార్చితే 65కి మళ్లీ అంకె వచ్చింది. మళ్లీ కాచినా అంతే. తమ్ముడు వీడియో తీశాడు, మెకానిక్‌కి పంపాను. ఆయన చూసి, "ఇంక అనుమానం లేదు, సెన్సర్ ఒక్కటే వేద్దాం" అన్నాడు.

మల్టీమీటర్ మామ
👏 ఇక కొత్తది కొన్నాక బిగించే ముందు దాన్ని కూడా అదే డబ్బాలో కాచి చూడండి. బయట దొరికే చవక సెన్సర్లు మరలు సరిపోతాయి కానీ, ఓమ్‌ల లెక్క వేరే బండిది ఉంటుంది. అలాంటిది వేస్తే ఏ కోడూ రాదు, 90 ఉన్నప్పుడు 75 అని చెబుతూ ఏళ్లు గడిపేస్తుంది. కోడ్ వచ్చే సెన్సర్ కంటే ఇదే ఎక్కువ నష్టం.

చిత్తూరు మామిడి
నిజం. నాకు సున్నం పట్టిన సెన్సర్ తీసి కొత్తది వేశాక ఫ్యాన్ ఆలస్యంగా తిరిగేది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ని థర్మోస్టాట్ హౌసింగ్ మీద పెట్టి చూస్తే స్కానర్‌కీ దానికీ చాలా తేడా. కంపెనీ సెన్సర్ వేశాకే రెండూ కలిశాయి. మెరిసే అల్యూమినియం మీద ఆ థర్మామీటర్ తక్కువ చూపిస్తుంది, చిన్న నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి.

కరకంబాడి గ్యారేజ్
బిగించేటప్పుడు కొత్త వాషరో ఓ-రింగో వేయించండి. ఇత్తడి సెన్సర్ అల్యూమినియంలోకి వెళ్తుంది, బలం చూపిస్తే మర పోతుంది. తర్వాత గాలి తీయాలి. చల్లటి ఇంజన్ మీద మూత తీసి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, ఇంజన్ నడుపుతూ బుడగలు ఆగేదాకా కూలెంట్ పోయాలి. గాలి ఉండిపోతే మొగిలి ఘాట్ అన్న చెప్పిందే మళ్లీ జరుగుతుంది. ఇన్నాళ్లు పెట్రోల్ ఎక్కువగా పడింది కాబట్టి ఆయిల్ గేజ్ పుల్ల తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే ఆయిల్ మార్చేయండి, పల్చబడిన ఆయిల్‌తో బేరింగులు అరిగిపోతాయి.

అలిపిరి బండి
కొత్త సెన్సర్ కాచి చూసి వేయించాను, సాఫీగా దిగింది. ఆయిల్‌లో పెట్రోల్ వాసన వచ్చింది, ఆయిల్ మార్పించాను. కోడ్ చెరిపేశాక మళ్లీ రాలేదు. ఎండలో ఆపి స్టార్ట్ చేసినా వెంటనే పట్టుకుంటోంది. మైలేజీ 16 దాటింది. వాటర్ పంపు, థర్మోస్టాట్ పాతవే. మామకీ అక్కకీ గ్యారేజ్ అన్నకీ వేల దండాలు.

డీజిల్ రెడ్డి
థర్మోస్టాట్ సంగతి మళ్లీ మాట్లాడదాం కానీ, నాదొక సమస్య. డీజిల్ బండి, పలమనేరులో ఉంటుంది. చలికాలం పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి, తెల్లపొగ. స్టార్ట్ చేసే ముందు డీజిల్ ఇంజన్‌ని వేడి చేసే హీటర్ ప్లగ్ లైటు అసలు వెలగడం లేదు. ప్లగ్గులు కొత్తవి వేసినా అంతే. ఇది కూడా సెన్సరేనా?

మల్టీమీటర్ మామ
కావచ్చు. హీటర్ ప్లగ్గులు ఎంతసేపు వెలగాలో ఈసీయూ నిర్ణయించేది ఈ కూలెంట్ టెంపరేచర్ చూసే. మీ సెన్సర్ పొద్దున్నే 70 అని చెబుతుంటే, ఇంజన్ వేడిగానే ఉందని ప్లగ్గులకి కరెంటే ఇవ్వదు. అలిపిరి బండిది చలి చూపించే జబ్బు, మీది వేడి చూపించే జబ్బు అయ్యుండొచ్చు. స్వర్ణముఖి చెప్పిన పొద్దుటి పరీక్ష చేయండి. 18 డిగ్రీల చలిలో కూలెంట్ 60, 70 చూపిస్తే కప్లర్ పీకండి. మైనస్ 40కి పడితే సెన్సర్ పోయింది. పీకినా కదలకపోతే అది ఊహ అంకె కాదని తేల్చుకుని, వైర్లు ఒకదానికొకటి అంటుకున్నాయేమో వెతకాలి. అంకె సరిగ్గా ఉంటే సెన్సర్‌ని వదిలేసి రిలే, ఫ్యూజ్ వైపు వెళ్లండి.

డీజిల్ రెడ్డి
పి0117 అని ఒకసారి వచ్చింది, మెకానిక్ చెరిపేశాడు.

కరకంబాడి గ్యారేజ్
అది ముందే చెప్పాలి కదా రెడ్డిగారూ! పి0117 అంటే వోల్టేజీ తక్కువ, అంటే ఎక్కడో షార్ట్. ఎగ్జాస్ట్ పక్క నుంచి వెళ్లే వైరు మీద తొడుగు కరిగిందేమో ముందు అక్కడ చూడండి. ఇంకోటి, మీ బండిలో థర్మోస్టాట్ ఉందా, తీసేశారా?

డీజిల్ రెడ్డి
తీసేశాం.

స్వర్ణముఖి
వైరు పని అయ్యాక థర్మోస్టాట్ కూడా పెట్టించండి. పలమనేరు చలికి అది లేకపోతే ఆ డీజిల్ ఇంజన్ మధ్యాహ్నానికి గానీ వేడెక్కదు.